ఎరున్ మొదలు పురుషోత్తముని వరకు: గంజాము తెలుగు క్రైస్తవుల ఆత్మనివేదనము

గంజాము జిల్లాలో, ఋషికుల్యానదికి ఉత్తరమున, ఖల్లికోటకును పొలసరకును నడుమ కొడల యను ఊరు కలదు. ఆ ప్రాంతపు తెలుగు కుటుంబములవారు బజారున ఒడియాలో బేరమాడి, ఇంటికి వచ్చి తెలుగున దేవుని పిలుచుట నేను చాలకాలముగా ఎరుగుదును. హిందువులైనను క్రైస్తవులైనను ఈ విషయమున భేదము లేదు. అచ్చటి క్రైస్తవ మిత్రు లొకరు కొన్ని సంవత్సరముల క్రిందట నన్ను ఇట్లు ప్రశ్నించిరి: “మన సీమకు క్రైస్తవము వచ్చి రెండువందల యేండ్లు కావచ్చినది. దొరలు తమ దినచర్యలు వ్రాసికొనిరి, అచ్చు వేయించుకొనిరి. మన తెలుగువాడు తన విశ్వాసమును గూర్చి తానే వ్రాసికొన్నది ఏమైన నున్నదా?” ఆనాడు నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఇప్పుడు తోచినంతవరకు ఇచట విన్నవించుచున్నాను.

ముందుగా దొరల దినచర్యల సంగతి. ఒరిస్సాకు వచ్చిన మిషనరీలు ఇంగ్లండులోని జనరల్ బాప్టిస్టు శాఖవారు. ఈ శాఖను 1770లో సంస్కరించి నిలిపిన డాన్ టేలర్ తొలుత మెథడిస్టులతో తిరిగినవాడు. మెథడిస్టుల గురువగు జాన్ వెస్లీ తన దినచర్యను 1740 మొదలుకొని భాగములుగా అచ్చు వేయించుచు వచ్చెను. ప్రతిదినము అంతరంగమును పరీక్షించుకొనుట, పరీక్షించుకొన్నదానిని కాగితముపై పెట్టుట, పెట్టినదానిని నలుగురికి పంపుట, ఈ మూడును ఆ సంప్రదాయమున ఒక్క పనియే. 1816లో డెర్బీ పట్టణపు పైక్ మహాశయుని ప్రయత్నమున జనరల్ బాప్టిస్టు మిషనరీ సంఘ మేర్పడినప్పుడు ఆ యలవాటు ఓడలెక్కి మన దేశమునకును వచ్చినది. 1822లో బాంప్టన్, పెగ్స్ అనువారు కటకము చేరిరి. 1823లో లేసీయు, 1825లో సటనును వారిని కలిసికొనిరి. వీరి జాబులును దినచర్యలును ఇంగ్లండుకు పోయి అచ్చటి మాసపత్రికలలో వెలువడుచుండెడివి. చందాలిచ్చువారు వానిని చదివి సంతసించి మరల చందా లిచ్చెడివారు. ఇది ఆక్షేపణగా అనుటలేదు. అచ్చుకు పోవునని తెలిసి వ్రాసిన దినచర్యలో ఎదుట కూర్చున్న పాఠకుని నీడ పడక తప్పదని మాత్రమే నా తాత్పర్యము.

ఆ వ్రాతలలోనే మన సీమవాడు మొదటిసారి కనబడుచున్నాడు. 1827 డిసెంబరు 25వ తేదీన బరంపురమున బాంప్టన్ ఒక తెలుగు నేతవానికి బాప్తిస్మ మిచ్చెను. ఒరిస్సా మిషను చరిత్రలో బాప్తిస్మము పొందిన తొలి హిందువు ఇతడే. వారు ఇతని పేరు ‘ఎరున్’ అని వ్రాసిరి. మూడు నెలలు గడవకముందే, 1828 మార్చి 23న, కటకమున లేసీ గంగాధర షడంగి యను ఒడియా బ్రాహ్మణునకు బాప్తిస్మ మిచ్చెను. అప్పటినుండి గంగాధరుని కథయే పెరిగినది. బ్రాహ్మణుడు, పండితుడు, వాగ్మి. ఒడియా క్రైస్తవులకు మూలపురుషుడుగా ఆయనకు లభించిన గౌరవము తగినదే. కాని ఆయనకు ముందున్న నేతవాడు చరిత్రపుటలలో ఒక వాక్యమునకు మించి నడువలేదు. ఒడియావారి చరిత్రలో తెలుగువాడు గనుక, తెలుగువారి చరిత్రలో ఒరిస్సా మిషనువాడు గనుక, ఇరువురికిని కాకపోయెను.

ఆ పేరును గూర్చి ఒక మాట. ‘ఎరున్’ అను పేరు మన తెలుగున లేదు. ఉత్తరాంధ్రమునను గంజామునను ఎఱ్ఱన్న యను పేరు ఇంటింట వినబడునది. ‘ఎఱ్ఱన్న’ను పిలుచునప్పుడు చివరి యచ్చు తేలిపోవును, ఆంగ్లేయుని చెవికి ‘ఎరున్’ అని మిగులును. కనుక ఇతడు ఎఱ్ఱన్నయే యని నా యూహ. ఊహయని చెప్పియే దీనిని పాఠకుల ముందుంచుచున్నాను. బాంప్టన్ సంభాషించినది ఒడియాలో. బరంపురపు తెలుగు నేతవానికి ఒడియా తెలియకపోదు. కాని అతడు ఇంట బెంగపడినది, సంశయించినది, భయపడినది, తుదకు నిశ్చయించుకొన్నది తెలుగున. ఆ తెలుగు ఒడియాగా మారి, ఆ ఒడియా ఇంగ్లీషుగా మారి, ఇంగ్లండున అచ్చుపడినది. ఇన్ని చేతులు మారిన తరువాత పేరే నిలువకపోయినప్పుడు మనస్సు నిలుచునా? బాంప్టన్ 1830లో పురీలో మరణించెను. ఎఱ్ఱన్న తన చేతితో వ్రాసిన పంక్తి యొక్కటియు మనకు అందలేదు.

ఈ లోపమునకు మతముకంటె ముద్రణయే హెచ్చు కారణ మని నాకు తోచును. ఒరిస్సా మిషనుకు పనిభాష ఒడియా. కటకమున వారు 1837లో ముద్రణాలయము స్థాపించిరి. సటన్ ఒడియా నిఘంటువు కూర్చెను. ఒడియా క్రైస్తవునకు వ్రాయవలెనన్న కోరిక పుట్టినచో అచ్చు దాపుననే యుండెను. బరంపురపు తెలుగు క్రైస్తవునకు అట్లు కాదు. అతని గ్రంథములు దక్షిణమునుండి రావలెను. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారగు క్రాన్, దెగ్రాంజి యను నిరువురిలో దెగ్రాంజి తెనిగించిన సువార్తలు, ఆయన పోయిన పిమ్మట, 1812లో శ్రీరామపురమున అచ్చైనవి. ఆ యనువాదమున ఆయనకు తోడుపడినవాడు ఆనందరాయ డను బ్రాహ్మణ క్రైస్తవుడు. ప్రిచెట్ తెనిగించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున వెలువడినది. అనగా గంజాము తెలుగువాడు గుడికి పోయిన ఒక భాష, గ్రంథము తెరచిన మరియొక భాష.

ఇక తెలుగున తన్ను గూర్చి తాను వ్రాసికొను వచనమే ఆ కాలమున లేదందుమా? అట్లనుటకు వీలులేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు విడిచి కాశికి పోయి, 1831 సెప్టెంబరున తిరిగివచ్చెను. మరలివచ్చునప్పుడు జగన్నాథమునుండి గంజాము మీదుగనే దక్షిణమునకు దిగెను. త్రోవలో చూచినది, తలచినది, కర్మమును గూర్చియు దైవమును గూర్చియు తనలో తర్కించుకొన్నది, అన్నియు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు జాబులుగా వ్రాసి పంపెను. పిళ్ళ వానిని 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చు వేయించెను. ఎఱ్ఱన్న బాప్తిస్మమునకు నాలుగేండ్ల తరువాత అదే దారిని నడచిన యొక తెలుగు గృహస్థు దినదినము తన మనస్సును చక్కని వాడుక తెలుగున వ్రాసికొనుచు పోయెనన్న మాట. కాని ఆయన సుప్రీముకోర్టు దుబాసీ. డేరాలు, బోయీలు, పరివారము గలవాడు. ఆ జాబులకై కాచుకొన్న స్నేహితు డొకడు మద్రాసున నుండెను. మగ్గముముందు కూర్చున్నవానికి అవి లేవు.

ఎఱ్ఱన్నకు లేని నోరు పురుషోత్తమ చౌదరికి కలిగెను. ఈయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున మదనాపురమున జన్మించెను. వంశము వంగదేశమునుండి వచ్చి గంజామున స్థిరపడిన వైష్ణవ బ్రాహ్మణ వంశము. ఒక తెలుగు కరపత్రము చేతికందుటతో ఆయన చింతన మొదలైనదని చెప్పుదురు. శ్రీకాకుళమున హెలెన్ నాట్ దొరసానిని, విశాఖపట్టణమున డాసన్ దొరను కలిసికొని ప్రశ్నించి, చదివి, తుదకు 1833 అక్టోబరున కటకమున బాప్తిస్మము పొందెను. అప్పటికి మతము మార్చుకొన్న హిందువునకు పిత్రార్జితముపై హక్కును కాపాడు చట్టము మన ప్రాంతమున లేదు. అది 1850లో, ఆ యేటి 21వ చట్టముగా వచ్చినది. ముప్పదియేండ్ల బ్రాహ్మణుడు 1833లో నీటిలో దిగెననగా బంధుపంక్తినేకాక ఇంటిని, పొలమును వదలుకొనుటకు సిద్ధపడి దిగెనని గ్రహింపవలెను.

ఈ పెద్దమనిషి ఆత్మకథ వ్రాసియుండవలసినదని మిత్రులు విచారపడుట విన్నాను. నాకు ఆ విచారము లేదు. ఆయన వ్రాసినదే ఆత్మకథ. ఐతే మనము దానిని పాడుకొనుచున్నాము గనుక చదువుట లేదు. ఆయన నూటికి మించిన కీర్తనలు రచించెను. పల్లవి, అనుపల్లవి, చరణము గల కర్ణాటక సంగీత పద్ధతి, రాగతాళములు. ఆయన కాలమున త్యాగరాజస్వామి తిరువయ్యారున జీవించియే యుండెను. ఆయన దేహయాత్ర ముగిసినది 1847లో. భద్రాచల రామదాసు కీర్తనలు భజనగోష్ఠులలో మారుమ్రోగుచుండినవి. పురుషోత్తముడు క్రొత్త దేవుని ఆశ్రయించెను గాని దేవునితో మాటలాడు పద్ధతిని క్రొత్తగా నేర్వవలసిన యక్కర ఆయనకు లేకపోయెను. శరణాగతి, దాస్యము, కృప, నింద, బ్రతిమాలుట, అలుగుట, ఇవి అన్నియు తెలుగు భక్తుడు ధూర్జటినాటినుండి తన దేవుని ముఖముననే పలికిన మాటలు. “నేను ఇట్టివాడను, నన్నేమి చేసెదవు?” యను భావమునకు మన శతకములకంటె తగిన చోటు ఎక్కడ?

ఇచట ఒక యాక్షేపణ రావచ్చును. కీర్తనలోని ‘నేను’ సంప్రదాయసిద్ధమైన ‘నేను’. భక్తులందరును పాపులమనియే చెప్పుకొందురు. అందుండి ఒక వ్యక్తి జీవితమును తీయుట యెట్లు? ఆక్షేపణ సమంజసమే. పురుషోత్తముని కీర్తననుబట్టి ఆయన ఏనాడు ఎచ్చట నుండెనో, ఏమి భుజించెనో తెలియదు. ఆ విధమైన సమాచారమునకు మిషనరీ దినచర్యయే మేలు. కాని ప్రశ్న సమాచారమును గూర్చినది కాదు. క్రైస్తవ జగత్తున ఆత్మకథలకెల్ల పెద్దదైన ఆగస్టీను మహాశయుని గ్రంథము, క్రీస్తుశకము 400 ప్రాంతమున వ్రాయబడినది, ఎవరినుద్దేశించి వ్రాయబడినదో చూడుడు. మొదటి పుటనుండి అది దేవునితో సంబోధన. పాఠకుడు ప్రక్కనుండి వినువాడు మాత్రమే. ఈ కొలతతో కొలిచినచో చందాదారుల కొరకు వ్రాసిన దొరల దినచర్యకంటె గంజాము బ్రాహ్మణుని కీర్తనయే ఆ మూలగ్రంథమునకు దగ్గర. మిషనరీ దేవునిగూర్చి మనుష్యులతో మాటలాడెను. పురుషోత్తముడు మనుష్యులు వినుచుండగా దేవునితో మాటలాడెను.

మరియొక విశేషము. ఈయన వంశము వంగీయము, ఊరు ఒడియా తెలుగుల కలయిక, బాప్తిస్మ మిచ్చినది ఒడియా మిషను. ఏ భాష నెన్నుకొన్నను అడుగువారు లేరు. ఐనను ఆయన పేరును నిలిపినవి తెలుగు కీర్తనలు. బరంపురము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, పర్లాకిమిడులలో ఆయన బోధించుచు తిరిగి, 1890లో వృద్ధుడై మరణించునాటికి ఆ కీర్తనలు ఆయనకంటె దూరము పోయినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను సంపుటమున చేరి బాప్టిస్టులు, లూథరనులు, దక్షిణ ఇండియా సంఘమువారు అను భేదము లేక అందరి దేవాలయములలోను నేటికిని పాడబడుచున్నవి. కోస్తాజిల్లాలలో పాడువారిలో ఎందరకు ఈ కవి గంజామువాడని తెలియునో చెప్పజాలను. నేను అడిగినవారిలో పలువురు ఆయనను గోదావరి మండలమువాడని తలచుచుండిరి!

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా బరంపురము, ఛత్రపురము, కొడల, పర్లాకిమిడి పట్టణము ఒరిస్సాలో చేరినవి. ఇచ్ఛాపురము, టెక్కలి, శ్రీకాకుళము మద్రాసులో మిగిలినవి. కవి పుట్టిన ప్రాంతము ఒక వైపునను, ఆయనను పాడుకొను జనులలో అధికభాగము మరియొక వైపునను పడిరి. 1992లో పర్లాకిమిడి ప్రాంతము గంజామునుండి విడివడి గజపతి జిల్లా అయినది. అటుపిమ్మట గంజాము జిల్లా కవియని ఆయనను పేర్కొనుటకుకూడ కొంత వివరణము కావలసివచ్చుచున్నది.

నేడు చేతనున్న ఫోనులో ఉదయముననే తమ ధ్యానమును నాలుగు మాటలుగా వ్రాసి బంధుమిత్రులకు పంపువారు మన సీమలో పలువురు కలరు. అది వ్రాయువారిలో మగ్గములవారి మనుమలును కలరు. మంచిదే. కాని ఆ పంపిన మాట నెలదినములు నిలుచుట లేదు. అంతకుముందు తరమువారు నోటుపుస్తకములలో కీర్తనలు వ్రాసికొని, ప్రక్కన పుట్టినరోజులు, మరణములు, తుపానులు, ఎవరు ఏ కష్టమున ఏ కీర్తన పాడించుకొనిరో గుర్తుగా వ్రాసికొనెడివారు. ఆ పుస్తకములు చెదలపాలగుచున్నవి. ఎఱ్ఱన్నకు మనుమలో మునిమనుమలో అగువారి ఇండ్ల గూళ్ళలో ఎన్ని యున్నవో వెదకుట ఈ సమాజమువంటి వానికి సాధ్యమే. పెద్ద ధనవ్యయము లేదు, వారము వారము కొన్ని వీథులు తిరిగిన చాలును.

దొరల కాగితములకు ఆ భయము లేదు. జనరల్ బాప్టిస్టు మిషను 1891లో బాప్టిస్టు మిషనరీ సంఘమున లీనమైనది. ఆ సంఘపు దస్తరములు ఆక్సుఫర్డులోని రీజెంట్సు పార్కు కళాశాల గ్రంథాలయమున భద్రముగా నున్నవి. కొడల మిత్రులు నాకీ వ్యాసము వ్రాయుటకు కారణభూతులు. వారికి నా సమాధాన మిది: మీ యింటివా రందరును కంఠస్థముగా పాడుచున్న కీర్తనలలో కొన్నియైన మీ జిల్లావాని ఆత్మకథలోని పుటలు. ఆయనకు ముందువాని పేరు మాత్రము ఇంగ్లీషు లిపిలో, నాలుగక్షరములుగా, సముద్రమున కావల నున్నది. మన పుస్తకములలోనైన దానిని ఎఱ్ఱన్న యని వ్రాయుదము.