ఓరుగంటి జంపఖానా



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016వ సంవత్సరమున వేర్వేరు జిల్లాలైనవి గాని, అంతకు పూర్వము ఓరుగల్లు జిల్లాలోని భాగములే. కావున ఓరుగంటి నేత చరిత్రము మన మూడు సీమలవారికిని ఉమ్మడి సొత్తు.

నేత మనకు పరులు నేర్పిన విద్య కాదు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన సోమనాథకవి వస్త్రభేదముల పేళ్లను తన కావ్యమున వరుసగ పేర్కొనెను. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, ఓడవర్తకుల ధనప్రాణములకు భరోసా నొసగెను. ఆ శతాబ్దపు చివర వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యపు సన్నని బట్టలను సాలెగూటితో పోల్చెను.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమయ్యెను. తరువాతి కాలమున మొగలు సేనల వెంట తివాసి నేతగాండ్రు దక్కనునకు వచ్చిరని చెప్పుదురు. 1851లో లండను మహాప్రదర్శనమున ఓరుగంటి తివాసులు కన్నులపండువు చేసినవి. తివాసికి పడుగుదారములపై ముడులు వరుసగా వేసి, కొసలు కత్తిరింతురు. జంపఖానాకు ముడులు లేవు. పడుగు పేకల కలయికయే దాని అందము. నేడు ఓరుగంటి కొత్తవాడలో దానిని నేయువారిలో పద్మశాలీలు పెక్కురు. ఒకరి విద్య మరియొకరి జీవనమైనది.

ఈ కలయికకు మన మాటలే సాక్ష్యము. మగ్గము, పడుగు, పేక మన పలుకులు. రుమాలు, జరీ పారసీకములు. మన ఆడపడుచు "జరీ అంచు" అనినపుడు రెండు భాషలు ఒక్క నోట పలుకుచున్నవి. మానుకోట యనినను, మహబూబాబాదనినను ఒక్క ఊరే గదా!

ఇది మాది, అది వారిదని విడదీయుట నేడు కొందరికి వేడుకగ నున్నది. పడుగు నిలువు, పేక అడ్డము; అందొకటి లాగివేసినచో వస్త్రముండదు, దారములే మిగులును.

2018లో ఓరుగంటి జంపఖానాకు భౌగోళిక గుర్తింపు లభించెను. దానివలన పేరు నిలుచును గాని, కొనువారు లేనిచో మగ్గము నిలువదు. యంత్రపు సరకు చౌకగ దొరకుటచే నేతగాని కూలి గిట్టుబాటు కాకున్నది. అతని బిడ్డలు వేరు పనులు వెదకికొనుచున్నారు.

పెద్దలారా, గుడికి, బడికి, పెండ్లిపందిరికి పరుపులు కొనునపుడు మీ మాటయే చెల్లును. ఒక్కటియైనను చేనేత జంపఖానా కొనిపింపుడు. దానిపై ఊరివారందరును కలిసి కూర్చుందురుగాక!