ఈ గొంతు ఎవరిదో చెప్పగలరా?

జి.కొండూరు దాటి తిరువూరు రోడ్డున ముందుకు పోతే మైలవరం వస్తుంది. వందేళ్ల కిందట మైలవరం పేరు చెబితే కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో నాటకమే గుర్తుకొచ్చేది. అక్కడి జమీందారు పోషణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి గొంతులను తెలుగు ప్రేక్షకుల ముందు నిలబెట్టింది. పద్యం చివర నటుడు రాగం అందుకుంటే పందిట్లోంచి ‘వన్స్‌మోర్’ అని కేకలు లేచేవి. రెండోసారి పాడేవాడు, మూడోసారీ పాడేవాడు. మూడుసార్లూ ఒకేలా ఉండేది కాదు. రాగం ఒకసారి నేరుగా పైకి పోయేది, ఇంకోసారి సగంలో మలుపు తిరిగేది. రసికుడికి కావలసింది ఆ తేడానే.

తెల్లవారాక ఆ తేడాను ఎక్కడ వెతుక్కోవాలి? పద్యం పుస్తకంలో దొరుకుతుంది. పాడిన తీరు పుస్తకానికి ఎక్కదు. నాటకం చూసి బండి కట్టుకుని ఇంటికి పోయేవాడి చెవిలో కొన్నాళ్లు ఉండి, తర్వాత అదీ పోతుంది.

సరిగ్గా ఇదే చిక్కు ఆ రోజుల్లోనే అమెరికాలో జాజ్‌కూ ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి వాద్యకారుల చేతుల్లో పెరిగిన సంగీతం అది. దానికి ప్రాణం మన వాళ్లు మనోధర్మం అనేదే. పాట ఒకటే, వాయించిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. రాతలో పెడితే ఎముకలు మిగులుతాయి, ప్రాణం మిగలదు. పద్యానికీ జాజ్‌కూ కలిపి ఆసరా ఇచ్చిన వస్తువు ఒకటే, గ్రామఫోను ప్లేటు. ఆ ప్లేటు చేతులు మారడం ఎలా మొదలైంది, చేతులు మారగా మారగా వినడమే ఒక పందెంగా ఎలా తయారైంది అన్నది చెప్పుకోదగ్గ కథ.

ఎడిసన్ 1877లో తగరపు రేకు చుట్టిన గొట్టం మీద మాటను పట్టి తిరిగి వినిపించాడు. మరుసటి ఏడాది ఈ యంత్రం ఎందుకు పనికొస్తుందో పది ఉపయోగాలు రాశాడు. మొదటిది ఉత్తరాలు చెప్పి రాయించడం. సంగీతం నాలుగోది. కనిపెట్టినవాడి మనసులో అది ఆఫీసు గుమాస్తాకు సాయపడే యంత్రం.

దాన్ని ఊరూరికీ చేర్చే దారి వేసింది ఎమిల్ బెర్లినర్. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈయన 1887లో గొట్టాన్ని వదిలేసి బల్లపరుపు బిళ్ల పట్టుకున్నాడు. గొట్టాలకు మంచి నకళ్లు తీయడం ఆ రోజుల్లో పెద్ద పని. బిళ్లకైతే ఒక లోహపు అచ్చు చాలు, అచ్చులో అప్పచ్చులు ఒత్తినట్టు వేలకు వేలు ఒత్తుకోవచ్చు. ఒక పాట వెయ్యి ఇళ్లకు చేరాలన్నా, ఒకరి దగ్గరున్నదే ఇంకొకరి దగ్గరా ఉండి ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోవాలన్నా ఈ అచ్చే ఆధారం.

మొదట్లో గట్టి రబ్బరుతో చేశారు, నిలవలేదు. 1890ల మధ్యలో లక్క దొరికింది. మన ఆడపిల్లలు ఆడుకునే లక్కపిడతల లక్క, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు కట్టే పూత అది. ప్రపంచానికి కావలసిన లక్కలో సింహభాగం మన దేశం నుంచే, ముఖ్యంగా ఛోటా నాగపూర్ అడవుల నుంచి పోయేది. దాంట్లో మెత్తగా దంచిన రాతిపొడి, నల్లరంగుకు మసి కలిపి ప్లేటు ఒత్తేవాళ్లు. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయి వంటి రాళ్లే పిండయి అందులోకి వెళ్లేవి. రాతిపొడి కావాలనే వేసేవాళ్లు. ఉక్కు పిన్ను ఆ పొడికి అరిగి గాడి ఆకారానికి సర్దుకోవాలి. అందుకే ఒక్కో పాటకూ పిన్ను మార్చాలి. పిన్ను దగ్గర పిసినారితనం చేస్తే ప్లేటు పాడైనట్టే. పాత ప్లేటు చేతిలోకి తీసుకుని వెలుతురులో వంచి చూడండి. ఎక్కువసార్లు విన్నచోట నలుపు పోయి బూడిదరంగు చార కనబడుతుంది. ఆ ఇంట్లో ఏ పద్యం దగ్గర ‘వన్స్‌మోర్’ అన్నారో ఆ చార చెబుతుంది.

1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ యంత్రాలు పట్టుకుని కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్‌తో పాడించాడు. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పేది. మైనపు అచ్చులు జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి అక్కడ ప్లేట్లయ్యేవి. అక్కడి పనివాళ్లకు ఏ గొంతు ఎవరిదో తెలియాలి కదా. 1908లో కలకత్తా సియాల్దాలోనే ఫ్యాక్టరీ వచ్చాక లక్క సముద్రాలు దాటి తిరిగిరావలసిన పని తప్పింది. ఆ దారిలోనే తెలుగు పద్యాలూ ప్లేట్ల మీదికి ఎక్కాయి. ఆ కంపెనీ గుర్తయిన కుక్క బొమ్మ ప్లేటు తెలుగువాళ్ల ఇళ్లకు వచ్చింది.

జాజ్ పేరుతో మొదటి ప్లేటు 1917 ఫిబ్రవరిలో తయారైంది. వాయించినది ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ అనే తెల్లవాళ్ల బృందం. ఆ సంగీతాన్ని పుట్టించిన నల్లవాళ్లకు మొదటి ప్లేటు దక్కకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. 1928లో నల్లజాతి కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ మొదట్లో ట్రంపెట్ ఒంటరిగా ఎత్తుకున్న పావు నిమిషాన్ని మాత్రం ఎవరూ మర్చిపోలేదు. మూడు నిమిషాల చిల్లరకు మించి పట్టని పది అంగుళాల ప్లేటు మీద అంత మనోధర్మాన్ని ఇమిడ్చాడు. మన నటులూ అదే కొలతలో పద్యాన్ని ఇమిడ్చారు. రంగస్థలం మీద పది నిమిషాలు సాగే రాగాన్ని ప్లేటు కోసం కుదించుకోవడం ఆ తరం గాయకులకు కొత్త విద్య.

ఇక రసికుల వంతు వచ్చింది. ప్లేటు మీద బృందం పేరుంటుంది, ట్రంపెట్ ఎవరిదో, పియానో ఎవరిదో ఉండదు. వినేవాడికి అసలు కావలసింది అదే. ఫ్రాన్స్‌లో 1932లో జాజ్ అభిమానుల హాట్ క్లబ్ పుట్టింది. సభ్యులు ప్లేట్లు తెచ్చుకుని కలిసి వినేవాళ్లు, వాయించినవాళ్లను గుర్తుపట్టి రాసుకునేవాళ్లు. ఆ రాతల్లోంచే 1936లో చార్లెస్ డెలోనే ‘హాట్ డిస్కోగ్రఫీ’ పుస్తకం వచ్చింది. ఏ ప్లేటు మీద ఏ రోజు ఎవరెవరు వాయించారో చెప్పే చిట్టా. న్యూయార్క్‌లో కొమడోర్ అనే చిన్న అంగడి నడిపిన మిల్ట్ గేబ్లర్ దొరకని పాత ప్లేట్లను మళ్లీ ఒత్తించి, వాయించినవాళ్ల పేర్లు లేబుల్ మీదే అచ్చు వేయించాడు. చిట్టా కట్టినవాళ్లెవరూ పండితులు కారు. వినీ వినీ చెవి పదును పెట్టుకున్న మామూలు అభిమానులు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి లక్కకు కరువు తెచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం మామూలు వాడకానికి లక్కను 70 శాతం తగ్గించింది. పాత ప్లేట్లు తెచ్చిస్తేనే కొత్తవి అన్నారు. ఎన్ని మంచి గొంతులు ఆ బట్టీల్లో కరిగిపోయాయో.

యుద్ధం ముగిశాక 1946లో లియొనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు ‘మెట్రొనోమ్’ పత్రికలో ఒక శీర్షిక పెట్టాడు. పేరు బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్, అంటే గంతల పరీక్ష. ఒక సంగీతకారుణ్ని కూర్చోబెట్టి పేరు చెప్పకుండా ప్లేటు వేస్తాడు. ఎవరు వాయించారు, ఎలా ఉంది, ఎన్ని మార్కులు ఇస్తారు అని అడుగుతాడు. మొదట కూర్చున్నది పియానో కళాకారిణి మేరీ లూ విలియమ్స్. తర్వాత శీర్షిక ‘డౌన్ బీట్’ పత్రికకు మారింది. 1951లో ట్రంపెట్ విద్వాంసుడు రాయ్ ఎల్‌డ్రిడ్జ్ ఫెదర్‌తో పందెం కాశాడు. వాయించేది నల్లవాడో తెల్లవాడో వింటే చాలు, చెప్పగలనన్నాడు. తెల్లవాళ్ల బృందాల్లో వాయిస్తూ హోటళ్ల గుమ్మాల దగ్గర అవమానాలు పడ్డవాడు ఆయన, ఆ మాట వెనక ఎంత నొప్పి ఉందో ఊహించుకోవచ్చు. ఫెదర్ ప్లేట్లు వరసగా వేశాడు. ఎల్‌డ్రిడ్జ్ చాలాచోట్ల పొరబడ్డాడు, పందెం ఓడానని ఒప్పుకున్నాడు. ప్లేటు లేకపోతే ఈ పరీక్షే లేదు. మనిషి ఎదురుగా ఉంటే కన్ను ముందు తీర్పు చెబుతుంది, ప్లేటు ముందు చెవి ఒక్కటే మిగులుతుంది. జాజ్ అభిమానులు ఇవాళ్టికీ ఒకరికొకరు విసురుకునే వినికిడి పందేలన్నీ ఆ పరీక్ష సంతానమే.

దొరకనిచోట అభిమాని ఏం చేస్తాడో లెనిన్‌గ్రాడ్ చూపించింది. యుద్ధం తర్వాత సోవియట్ దేశంలో పాశ్చాత్య సంగీతం మీద నిషేధాలు పడ్డాయి. కుర్రవాళ్లు ఆసుపత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు ఏరుకొచ్చి, గుండ్రంగా కత్తిరించి, మధ్యలో సిగరెట్టుతో కాల్చి చిల్లు పెట్టి, ఇంట్లో చేసుకున్న యంత్రంతో గాడి గీసేవాళ్లు. దీపానికి అడ్డుపెడితే పక్కటెముకలు కనబడతాయి, పిన్ను పెడితే జాజ్ వినబడుతుంది. అలా గీసినవాళ్లలో ఒక జట్టు తమ పేరు ‘బంగారు కుక్క’ అని పెట్టుకుంది. కుక్క బొమ్మ కంపెనీ మీది ప్రేమే ఆ పేరు. వాళ్లలో కొందరు జైలుకు పోయారు.

మన దగ్గర నిషేధం లేదు, కరెంటు లేదు. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనే పల్లెకు దిక్కు. అందుకే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రకం ప్లేటును పాశ్చాత్య దేశాలు వదిలేశాక కూడా, 1960ల మధ్యలో బీటిల్స్ పాటలు కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో 78 ప్లేట్ల మీదే ఒత్తారు. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక మెట్ట ఊళ్లకు పాట గాలిలోనూ వచ్చింది. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం ఎదురుచూసిన తరం ఒకటి ఉంది. తర్వాత క్యాసెట్టు. 1963లో ఫిలిప్స్ కంపెనీలో లూ ఓటెన్స్ బృందం తెచ్చిన ఆ చిన్న పెట్టెతో నకలు తీసే శక్తి ఫ్యాక్టరీ చేతిలోంచి వినేవాడి చేతికి వచ్చింది. కావలసిన పాటలు కాగితం మీద రాసిచ్చి అంగట్లో ఎక్కించుకున్న సంగతి చాలామందికి గుర్తే. 1995లో ఎంపీ3 అని పేరు పడిన ఫైలు క్యాసెట్టునూ పక్కకు నెట్టింది. చెవి ఎలాగూ పట్టించుకోని శబ్దాలను వదిలేసి పాటను పదో వంతుకు కుదించే ఉపాయం అది.

జాజ్ చెవులు మన మనోధర్మాన్ని ఎదురుగానూ విన్నాయి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి అక్కడి శ్రోతలను కట్టిపడేశాడు. జాజ్ విని పెరిగిన చెవులు మన మనోధర్మాన్ని వెంటనే పోల్చుకోవడంలో నాకు ఆశ్చర్యమేమీ లేదు.

ఇక మన పాత గొంతులు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు వేల ప్లేట్లు కూడబెట్టారు. ఏ పాట ఎవరిదో, ఏ ప్లేటుకు రెండో వైపు ఏముందో చెప్పే డెలోనే మనకు ఆయనే. 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రికలో జర్మనీలో ఉండే పరుచూరి శ్రీనివాస్ గారు పాత రేడియో నాటకాలనూ పాటలనూ వివరాలతో సహా వినిపిస్తూ వచ్చారు. ఇలాంటివారి వల్లే రాయబారం పద్యాన్ని నటుల్లో ఈలపాట రఘురామయ్య ఎలా ఎత్తుకున్నారు, పీసపాటి ఎలా ఎత్తుకున్నారు అని ఒకే సాయంత్రం పక్కపక్కన పెట్టి వినగలుగుతున్నాం.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. పాత ప్లేట్లన్నీ నిమిషానికి 78 చుట్లవి కావు. 76 ఉన్నాయి, 80 ఉన్నాయి. 78కి గీసినదాన్ని 80లో తిప్పితే శ్రుతి దాదాపు పావు పెరుగుతుంది. ఒకటిన్నరలో పాడినవాడు ఒకటింముప్పావులో వినబడతాడు, గొంతు సన్నబడుతుంది. అప్పుడు ఇది కపిలవాయిదేనా అన్న అనుమానం వస్తుంది. తేల్చేది యంత్రం కాదు, ఆ గొంతు తెలిసిన చెవి. అలాంటి చెవులు ఇవాళ ఎనభై దాటిన మనుషుల దగ్గర ఉన్నాయి.

కాబట్టి మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట వైపు పాత ఇళ్ల అటకల మీద ప్లేట్లున్నవాళ్లకు ఒక మనవి. పాత సామాన్లవాడికి వేయకండి. దొంతరగా పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది, మెత్తటి పొడిబట్ట చాలు. పగిలినా పారేయకండి, అతికించి ఎక్కించేవాళ్లు ఉన్నారు. లేబుల్ మీది నంబరే కాక, గాడులు ఆగిపోయే చోట లక్కలోనే చెక్కిన నంబరు కూడా రాసిపెట్టండి. ఫైలుగా ఎక్కించాక ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి వినిపించండి. ఎవరు పాడారో మాత్రం ముందుగా చెప్పకండి.