షాక్ కొట్టకపోయినా చర్మం కాలొచ్చు

నొప్పులకు వాడే టెన్స్ యంత్రాలు, అరచేతుల చెమటను తగ్గించే అయాంటోఫోరిసిస్ పరికరాలు ఇళ్లలోకి వచ్చేశాయి. వీటి కరెంటు కొన్ని మిల్లీయాంపియర్లే. అయినా గాయం కావొచ్చు.

కారణం ఎలక్ట్రోడ్ దగ్గర జరిగే రసాయన చర్య. డీసీ కరెంటు ఒకే దిశలో పారితే ధన ధ్రువం కింద ఆమ్లం, రుణ ధ్రువం కింద క్షారం తయారవుతాయి. క్షారం చర్మాన్ని లోతుగా తినేస్తుంది. ధన ధ్రువం వద్ద లోహమూ కరుగుతుంది. అందులో నికెల్ ఉంటే అలర్జీ రావొచ్చు.

టెన్స్ యంత్రాల్లో సాధారణంగా దిశ మారే పల్స్‌లు, జెల్ ప్యాడ్లు వాడేది ఇందుకే. జెల్ ఎండినా, ప్యాడ్ అంచు లేచినా కరెంటంతా చిన్న చోట చేరి కాలుస్తుంది. ప్యాడ్ పాడైందని నాణెమో, రేకో పెట్టడం ప్రమాదకరం.

అయాంటోఫోరిసిస్ నీటి పళ్లెంలోని లోహపు పలకకు చర్మం నేరుగా తగలకూడదు. మధ్యలో తువ్వాలు లేదా ప్లాస్టిక్ జాలీ ఉండాలి. ఉంగరాలు, గాజులు ముందే తీసేయాలి.

మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి మంట తెలియదు. గాయం కనిపించేసరికే ఆలస్యమవుతుంది. అలాంటి చోట ప్యాడ్లు పెట్టకూడదు. పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు, మూర్ఛ రోగులు వైద్యుడిని అడగకుండా ఈ పరికరాల జోలికి వెళ్లకూడదు.

దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. కొనేముందు లేబుల్‌పై లైసెన్సు నంబరు చూసుకోవాలి.