ఉతుకు నీటి చరిత్ర

విశ్రాంత ఉద్యోగుల ఇళ్ళలో తరచు వినిపించే ప్రశ్న: "ఏ వాషింగ్ మెషిన్ కొందాం?" దుకాణం వారు ధర చెబుతారు, వాయిదాలు చెబుతారు. నీళ్ళ సంగతి మాత్రం మనమే అడగాలి. ఎందుకు అడగాలో జంటనగరాల చరిత్ర చెబుతుంది.

1806లో సికింద్రాబాద్ వెలిసేనాటికే హుస్సేన్‌సాగర్ ఉంది. ఆ కాలంలో బట్టలు మూటగా రజకుల ఇంటికి వెళ్ళేవి. చౌడు నీటిలో ఉడికి, రేవు బండ మీద దెబ్బలు తిని, గంజి పట్టించుకుని తిరిగి వచ్చేవి.

1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాపై జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ నీళ్ళు పల్లానికి వాటంతట అవే నగరానికి వచ్చేవి. జనం పెరిగిన కొద్దీ నీళ్ళు దూరమయ్యాయి. 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో ఎల్లంపల్లి నుండి గోదావరి జలాలు తెచ్చుకున్నాం. కృష్ణ నీరు నూరు కిలోమీటర్లకు పైగా, గోదావరి నీరు సుమారు 186 కిలోమీటర్లు పంపులతో ఎత్తిపోసుకుంటూ రావాలి. అంటే ఈనాడు మన బకెట్ నీళ్ళలో కరెంటు ఖర్చు కూడా కలిసి ఉంది.

ఇక యంత్రాల సంగతి. ముందు తలుపున్న ఆటోమేటిక్ యంత్రాన్ని 1937లోనే అమెరికాలో బెండిక్స్ కంపెనీ ప్రదర్శించింది. అందులో డ్రమ్ము అడ్డంగా తిరుగుతుంది. బట్టలు అడుగునున్న కొద్దిపాటి నీళ్ళలో మునిగి లేస్తాయి. అందుకే ఒక ఉతుకుకు సుమారు 50, 60 లీటర్లు చాలు. పైమూత యంత్రంలో బట్టలు నీళ్ళలో తేలాలి కనుక తరచు నూరు లీటర్లు దాటుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో నీటి లెక్క మన చేతిలోనే ఉంటుంది. చివరి జాడింపు నీటిని మరుసటి ఉతుకుకు వాడుకోవచ్చు. కాని తడిబట్టలు ఒక తొట్టి నుండి మరో తొట్టికి మార్చే ఓపిక కావాలి.

ముందు తలుపు యంత్రం ఖరీదెక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎత్తుపీట వేయించుకోవాలి. కుళాయిలో నీటి ఒత్తిడి చాలుతుందో లేదో ముందే చూపించుకోవాలి. బోరు నీరు ఉప్పునీరైతే హీటరుకు గార పడుతుంది.

కరెంటు ఎక్కువగా ఖర్చయ్యేది డ్రమ్ము తిరగడానికి కాదు, నీళ్ళు కాగడానికి. నిత్యం కట్టుకునే బట్టలకు చన్నీళ్ళు చాలు. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2019లో ఈ యంత్రాలకూ నక్షత్రాల గుర్తింపు ప్రారంభించింది. ఆ చీటీతో పాటు, ఒక ఉతుకుకు ఎన్ని లీటర్లు పడుతుందో పుస్తకంలో చూడండి. ఫైలు చివరి కాగితం దాకా చదివిన మనకు ఇది కష్టమేమీ కాదు.

ఇద్దరే ఉన్న ఇంటికి 6 కిలోల యంత్రం సరిపోతుంది. రోజూ నాలుగు గుడ్డలు వేయకుండా, నిండాక తిప్పండి. జాడించిన నీళ్ళు పట్టి ఉంచితే స్నానాల గది కడగడానికి పనికివస్తాయి.