ఊపిరి లెక్క

మా పెరియంపట్టి ధర్మపురి జిల్లాలోని గ్రామము. 1965వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన జిల్లా ఏర్పడువరకు ఈ ప్రాంతము సేలము జిల్లాలో చేరియుండెను. ఇంట తెలుగు, బడిలో తమిళము: ఇది మావంటివారి బ్రతుకు. నేను ఎస్సెస్సెల్సీ వరకు చదివి, గుమాస్తాగా పనిచేసి విరమించినవాడను. శాస్త్రజ్ఞుడను గాను, యోగిని అంతకన్న గాను.

అయినను గుబులు అనుదానిని నేనెరుగుదును. నెలాఖరు లెక్కలు కుదురునో కుదరవో యని మొదలైన ఆ గుబులు, లెక్కలు కుదిరిన పిమ్మటను పోలేదు. ఉద్యోగము విరమించినవెనుక లెక్కలే లేవు. గుబులు మాత్రము మిగిలినది. తలుపు గడియ వేసితినా, కుమారుడు ఫోను చేయడేల, ఛాతీలో ఈ బరువేమి అని అర్ధరాత్రి లేచి కూర్చుండువాడను. ఒక కారణము తీరిన మరియొకటి దాని స్థానమున వచ్చి కూర్చుండును. అమెరికా మానసిక వైద్యుల సంఘము 1980లో ప్రకటించిన వ్యాధుల పట్టికలో ఇట్టిదానికి జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ అని ప్రత్యేక నామము కలిగినది.

పేరు క్రొత్తదే గాని బాధ ప్రాతది. పతంజలి యోగసూత్రముల మొదటి పాదమున చిత్తమును చెదరగొట్టు అంతరాయములను చెప్పి, వానితో కూడి వచ్చువానిని 31వ సూత్రమున లెక్కించినాడు: దుఃఖము, మనసు క్రుంగుట, అవయవములు వణకుట, ఊపిరి గతి తప్పుట. నన్ను చూచి వ్రాసినట్లున్నది! మరి మూడు సూత్రములకే, ఊపిరిని వెలికి విడిచి నిలుపుట ఒక ఉపాయమని సెలవిచ్చినాడు. ఆయన ముందు చెప్పినది పీల్చుట కాదు, విడుచుట, ఇది గమనింపదగినది.

మా పొరుగు భాషయగు తమిళమున తిరుమూలరు తన తిరుమందిరములో దీనికి అంకెలే ఇచ్చినారు: 16 మాత్రలు పీల్చి, 64 మాత్రలు నిలిపి, 32 మాత్రలు విడువవలెను. ఇచ్చటను విడుచుట పీల్చుటకు రెండింతలు.

ఇక తెలుగున, శ్రీశైలమందలి భిక్షావృత్తి మఠాధిపతి కోరగా 15వ శతాబ్దమున గౌరన ద్విపదలో రచించిన నవనాథ చరిత్రము కలదు. కాలుసేతులు నరకబడిన సారంగధరుని కథ అందున్నది. నాటకమున ఆ కథకు మనము కన్నీరు కార్చితిమి గాని, యోగబలమున అవయవములు మరల పొంది అతడే చౌరంగి యను సిద్ధుడయ్యెనని మరచితిమి. ఆ నాథుల సాధనలో ప్రాణాయామము ప్రధానము. కాని వారి గమ్యము మృత్యుజయము. నావంటి గృహస్థుని నిద్ర కాదు. నాథ సంప్రదాయమునకే చెందిన స్వాత్మారాముడు హఠయోగప్రదీపికలో, సింహమును, ఏనుగును, పులిని మచ్చిక చేయునట్లు ఊపిరిని మెల్లమెల్లగా లొంగదీయవలెననియు, తొందరపడినచో అది సాధకునే చంపుననియు హెచ్చరించినాడు.

నేనా హెచ్చరికను లక్ష్యపెట్టలేదు. గుమాస్తాకు అంకెలన్న ఆశ. 64 వరకు బిగబట్టబోయి, తల తిరిగి గోడ పట్టుకొంటిని. “ఏమండీ, ఉన్న గుబులు చాలదా?” అని నా భార్య అడిగినది. పిమ్మట వైద్యుని చూచితిని. ఆయన గుండె పరీక్షించి దోషము లేదని చెప్పి, బిగబట్టుట మాని నిదానముగా విడువుమనినారు. ఛాతీ బరువునకు ముందుగా ఈ పరీక్ష చేయించుకొనక ఊపిరి లెక్కించుచు కూర్చుండుట తగదు.

ఈ విద్యను మఠము నుండి ప్రయోగశాలకు తెచ్చినవారిలో స్వామి కువలయానందులు ముఖ్యులు. ఆయన 1924లో లోనావ్లాయందు కైవల్యధామమును స్థాపించి, యోగమీమాంస యను పత్రికలో తమ పరిశోధనలను ప్రకటించిరి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన వ్యాసమొకటి మరియు విచిత్రమైనది. లాటిను జపమాల ప్రార్థన చేసినను, మంత్రము జపించినను ఊపిరి నిమిషమునకు ఇంచుమించు ఆరింటికి దిగినదట! ఊరక కూర్చున్నవానికి సాధారణముగా 12 మొదలు 20 వరకుండును. భజనలో దీర్ఘముగా పాడి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టుటకు కారణము అప్పుడు తోచినది.

దీని మర్మమిది. పీల్చునపుడు గుండె కొంచెము వడిగా, విడుచునపుడు మెల్లగా కొట్టుకొనును. మెదడు నుండి గుండెకు దిగు వేగస్ నాడి దానికి కళ్లెము. భయపడినవాడు వడివడిగా ఊపిరి తీయగా రక్తమునందలి బొగ్గుపులుసు గాలి మితిమీరి తగ్గి, వ్రేళ్లు తిమ్మిరెక్కి తల తేలిపోవును. చావు వచ్చినదనుకొని అతడు మరింత భయపడును. గుబులు ఊపిరిని తరుమును, ఊపిరి గుబులును తరుమును.

నేనిప్పుడు తిరుమూలరు లెక్కలో నడిమి అంకెను కొట్టివేసితిని. యోగులు క్షమింతురు గాక. నాలుగు లెక్కించువరకు పీల్చి, ఆరు లెక్కించువరకు విడుతును. సెకనుకొక అంకె చొప్పున నిమిషమునకు ఆరు ఊపిరులు. ఉదయము పది నిమిషములు, మెలకువ వచ్చిన రాత్రి మరికొంత. అన్ని రాత్రులును ఫలింపదు. కొన్నిటను అంకెలు తప్పి మనసు కుమారుని యొద్దకు పోవును. మరల ఒకటి నుండి మొదలిడుదును. గడియ చూచుటకు మునుపు నాలుగుమారులు లేచువాడను; ఇప్పుడు ఒకమారు లేచుచున్నాను.