నిబంధనలు మలచిన జీవితాలు: కేంబ్రిడ్జ్ ప్రైవేటు ట్యూటర్లు

పందొమ్మిదో శతాబ్దపు కేంబ్రిడ్జ్‌లో గ్రీకు, లాటిన్ చదువుకు కాలేజీ ఉపన్యాసాలు చాలేవి కావు. 1824లో క్లాసికల్ ట్రైపాస్ పరీక్ష మొదలయ్యాక ర్యాంకుల పోటీ పెరిగింది. మంచి ర్యాంకు ఫెలోషిప్‌కు, అంటే కాలేజీలో జీతంతో కూడిన సభ్యత్వానికి, దారి తీసేది కనుక, విద్యార్థులు డబ్బిచ్చి విడిగా పాఠం చెప్పించుకోవడం ఆనవాయితీగా మారింది. ఈ వృత్తిలో దశాబ్దాలపాటు పేరు మోసినవాడు రిచర్డ్ షిల్లెటో (1809–1876). ష్రూస్‌బరీ బడిలో శామ్యూల్ బట్లర్ శిష్యుడు, 1832 ట్రైపాస్‌లో రెండో స్థానం సాధించినవాడు. అంతటివాడికి ఫెలోషిప్ అందలేదు, కారణం పెళ్లి. ఫెలోలు బ్రహ్మచారులుగా ఉండాలన్నది నాటి నిబంధన. ఇలాంటి పండితుల నిరాడంబర జీవితాన్ని వారి స్వభావంగా చూడటం అలవాటైంది కానీ, దాన్ని చాలావరకు మలచింది విశ్వవిద్యాలయ నిబంధనలే. మరో గ్రీకు పండితుడు ఫ్రెడరిక్ ఆప్‌థార్ప్ పేలీ కథా అదే చెబుతుంది. కాథలిక్ మతం వైపు మొగ్గినందుకు 1846లో అతను సెయింట్ జాన్స్ కాలేజీ విడిచిపెట్టాల్సి వచ్చింది. ఆపైన సంపన్న కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పాడు, 1860లో కేంబ్రిడ్జ్‌కు తిరిగొచ్చాకా ట్యూటర్‌గానే బతికాడు.

ట్యూటర్ పని పరీక్ష గట్టెక్కించడమే, పాండిత్యం కాదని ఆక్షేపించవచ్చు. కానీ ఇంగ్లిష్ పద్యాన్ని గ్రీకు ఛందస్సులోకి మార్చడం నేర్పాలంటే భాష లోతులు తెలియాలి. గ్రీకు వక్త డెమోస్తనీస్ ప్రసంగానికి షిల్లెటో 1844లో వెలువరించిన వ్యాఖ్యాన సహిత ప్రతి ఆ లోతుకు సాక్ష్యం. ఇంకో అభ్యంతరం మరింత బలమైనది: పేలీ కూడా ట్యూటరే, అయినా గ్రీకు నాటకకర్తలు ఎస్కిలస్, యూరిపిడీస్‌ల మిగిలిన నాటకాలన్నిటికీ వ్యాఖ్యానం రాశాడు కదా, మరి షిల్లెటో తక్కువ రాయడం స్వభావం కాదా? స్వభావానికి కొంత పాత్ర ఉందని ఒప్పుకోవాలి. అయితే కాలక్రమం చూడండి. పెళ్లయినవారిని ఎన్నుకునే వీలు కలిగాక 1867లో పీటర్‌హౌస్ కాలేజీ షిల్లెటోను ఫెలోగా తీసుకుంది. గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రచనకు అతని వ్యాఖ్యాన సహిత ప్రతి మొదటి సంపుటం వచ్చింది 1872లో. రెండోది అతని మరణానంతరం 1880లో వెలువడింది, పని అక్కడే ఆగిపోయింది. ప్రతిభను నిబంధనలు చంపలేదు, దాని గడియారాన్ని మాత్రం తమ గుప్పిట పెట్టుకున్నాయి.

1871 చట్టం మతపరమైన అడ్డంకుల్ని చాలావరకు తొలగించింది, 1882 నాటి కొత్త నియమాలు పెళ్లి నిషేధాన్ని ఎత్తేశాయి. కాలేజీలే బోధన మెరుగుపరిచేసరికి పాత ట్యూటర్ల యుగం ముగిసింది. ఆ చరిత్ర రాసేటప్పుడు అచ్చయిన సంపుటాలను మాత్రమే లెక్కపెట్టకూడదు. తలుపులు మూసిన విశ్వవిద్యాలయమే తన శ్రేష్ఠ విద్యార్థుల కోసం ఆ బయటివారి జ్ఞానంపై ఆధారపడింది. వారికి న్యాయం చేయాలంటే అక్కడినుంచే మొదలుపెట్టాలి.