ఎగవేత శాతం: ఒక అంకె, దానిపై వాదం

అమెరికాలో కళాశాలల భవితవ్యాన్ని శాసించగల ఒక అంకెకు ‘కోహోర్ట్ డిఫాల్ట్ రేట్’ అని పేరు. కోహోర్ట్ అంటే రోమన్ సైన్యంలో ఒక దళం. వైద్యులకు వ్యాధివిస్తరణ శాస్త్రం ద్వారా పరిచయమైన మాట. ఒకేసారి బయలుదేరిన గుంపును కొంతకాలం అనుసరించి, ఎందరు పడిపోయారో లెక్కించడం దాని పద్ధతి. ఇక్కడ ఒక ఆర్థిక సంవత్సరంలో అప్పు తీర్చడం మొదలుపెట్టవలసిన విద్యార్థులే ఆ గుంపు. డిఫాల్టును మనం ‘ఎగవేత’ అంటాము. తెలుగు మాటలో మోసం ధ్వనిస్తుంది, ఆంగ్లపదంలో అంత నింద లేదు. వేరే మాట లేక వాడుతున్నాను.

1965 ఉన్నతవిద్యా చట్టంతో ప్రభుత్వ హామీ గల విద్యారుణాలు విస్తరించాయి. 1980లలో ఎగవేతలు పెరిగాయి. 1987లో విద్యాశాఖ కార్యదర్శి విలియం బెనెట్, ఎగవేతలు ఎక్కువగా ఉన్న కళాశాలలను పథకం నుంచి తొలగిస్తామని హెచ్చరించాడు. 1990 బడ్జెట్ చట్టం దానిని శాసనం చేసింది: వరుసగా మూడేళ్ళు హద్దు చేరితే వెలి. ఆ హద్దు 35 నుంచి 30కి, తరువాత 25 శాతానికి దిగింది. 2008 చట్టం లెక్కించే గడువును రెండేళ్ళ నుంచి మూడేళ్ళకు పొడిగించి, హద్దును మళ్ళీ 30 చేసింది.

శిక్ష ఇంత కఠినమైనప్పుడు లెక్క సరైనదేనా అన్న ప్రశ్న తప్పదు. అప్పు వసూలు చేసేది కళాశాల కాదు, సేవా సంస్థ. ఆ సంస్థ అలక్ష్యానికి తమను శిక్షించరాదంటూ 1990లలోనే కొన్ని కళాశాలలు న్యాయస్థానాలకెక్కాయి.

నేటి విధానం ఇది. ఏటా ఫిబ్రవరిలో ముసాయిదా శాతం, సెప్టెంబరులో అధికారిక శాతం వెలువడతాయి. ముసాయిదాతో పాటు ఒక్కొక్క రుణం వివరాలున్న నివేదిక వస్తుంది. చదువు మానిన తేదీ తప్పుగా నమోదైతే విద్యార్థి వేరొక సంవత్సరపు గుంపులో పడతాడు. అటువంటి పొరపాట్లపై 45 రోజులలో అభ్యంతరం తెలపాలి. ఒకప్పుడు కాగితాల కట్టలతో సాగిన ఈ వ్యవహారం ఇప్పుడు ‘ఈసీడీఆర్ అప్పీల్స్’ అనే వెబ్ వ్యవస్థలో జరుగుతుంది. కళాశాల రుణాన్ని ఎంచి, ఆరోపణ రాసి, పత్రాలు జతచేస్తుంది. ఆ రుణం లెక్కలు నిర్వహించే సంస్థ అక్కడే జవాబిస్తుంది. ముసాయిదా దశలో ప్రశ్నించని తప్పును అధికారిక శాతం వచ్చాక సవరించమనడం చాలా సందర్భాలలో కుదరదు.

నాకు ఆసక్తి కలిగించేది సెప్టెంబరు తరువాత చేసే ‘రుణసేవా అప్పీలు’. రుణగ్రహీతకు ఒక ఉత్తరమైనా రాశారా, ఒక్కసారైనా ఫోను చేశారా, తుది హెచ్చరిక పంపారా, చిరునామా మారితే వెదికారా అని నిబంధనలు అడుగుతాయి. కనీస వైద్యం అందిందా అని మృతుల కేసుషీట్లు తిరగేయడం వంటిది. చేయలేదని రుజువైతే ఆ రుణాన్ని కళాశాల లెక్క నుంచి తప్పిస్తారు. 2014లో విద్యాశాఖ తానుగా కొన్ని కళాశాలల శాతాలను సవరించింది. ఒకే విద్యార్థి అప్పులు పలు సేవా సంస్థల మధ్య చీలిపోవడమే కారణం.

కోవిడ్ కాలపు చెల్లింపుల విరామం వల్ల 2020 గుంపు జాతీయ శాతం సున్నాకు చేరింది.

అయితే అప్పీలులో గెలిచినా మారేది కళాశాల శాతమే. ఏ ఉత్తరమూ అందని ఆ విద్యార్థి ఈ వాదంలో కక్షిదారు కాడు. అతని అప్పు ఈ తీర్పుతో రద్దు కాదు.